హంగేరీ జెండార్మ్ బొమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ బొమ్మ అసలు ఎవరిది?

సేకర్తలు అలమారలో పెట్టుకునే ఈ బుల్లి సైనిక బొమ్మ రెండో ప్రపంచ యుద్ధకాలంలో హంగేరీలో పనిచేసిన జెండార్మ్‌ది, అంటే సైనిక పద్ధతిలో నడిచిన పల్లె పోలీసుది. అమ్మకపు వివరణల్లో ఇతన్ని ఎక్కువగా "హంగేరియన్ మిలిటరీ పోలీసు" అంటారు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు గానీ, దానివల్ల ఇద్దరు వేర్వేరు మనుషులు ఒక్కరైపోతారు. మొదటివాడు శాంతికాలంలోనూ యుద్ధకాలంలోనూ పల్లెల్లో గస్తీ తిరిగిన సాధారణ జెండార్మ్. రెండోవాడు అదే దళం నుంచి సైన్యం వెంట యుద్ధరంగానికి వెళ్లి, సైనికుల క్రమశిక్షణ, రహదారుల మీద రాకపోకలు, పారిపోయిన సిపాయిలను పట్టుకోవడం వంటి పనులు చూసిన క్షేత్ర జెండార్మ్. కచ్చితమైన అర్థంలో మిలిటరీ పోలీసు అంటే ఈ రెండోవాడే. ఇద్దరి దుస్తులకూ మూలం ఒకటే కాబట్టి బొమ్మల తయారీదారులు కూడా తరచు ఈ తేడాను పట్టించుకోరు. మీ బొమ్మ వీరిలో ఎవరో తేలాలంటే పెట్టెమీది పేరు సరిపోదు, ఒంటిమీది సామగ్రి చూడాలి.

జెండార్మ్ అంటే పోలీసా, సైనికుడా?

రెండూ. హంగేరీ రాజ్య జెండార్మరీ 1881లో చేసిన చట్టాలతో ఏర్పడింది. నగరాల్లో శాంతిభద్రతలు పోలీసులవి. పల్లెలు, పొలాలు, చిన్న ఊళ్లు జెండార్మ్‌లవి. నియామకం, శిక్షణ, క్రమశిక్షణ అంతా సైనిక పద్ధతిలో సాగేది. రోజువారీ భద్రతా విధుల్లో మాత్రం వారు హోం మంత్రిత్వ శాఖ చెప్పుచేతల్లో ఉండేవారు. 1944లో యూదుల తరలింపు హోం శాఖ ఆదేశాలతో నడిచింది కాబట్టి, కింద ఆ ఏడాది గురించి చెప్పేచోట ఈ రెండు తలల సంగతి మళ్లీ పనికొస్తుంది.

హంగేరియన్ భాషలో ఇతని పేరు చెండోర్. "చెండ్" అంటే నిశ్శబ్దం, "ఓర్" అంటే కాపలాదారు. దానికి ముందు "తాబోరి" అని చేరిస్తే, అంటే శిబిరానికి, యుద్ధరంగానికి చెందిన అని చేరిస్తే, క్షేత్ర జెండార్మ్ అవుతాడు. జెండార్మ్ అన్న మాట ఫ్రెంచివారిది. ఆయుధం పట్టిన మనుషులు అని దాని మూలార్థం. ఫ్రెంచి పాలన చూసిన యానాం వారికి ఇది మరీ కొత్త మాట కాకపోవచ్చు. పుదుచ్చేరి పోలీసుల ఎర్ర టోపీ ఆ కాలం మిగిల్చిన గుర్తే. సామ్యం మాత్రం టోపీ దగ్గరే ఆగుతుంది.

గస్తీకి వీరు సాధారణంగా ఇద్దరిద్దరుగా వెళ్లేవారు. అందుకే జాగ్రత్తపరులైన సేకర్తలు ఒక్క బొమ్మ కాక జంటగా నిలబెడతారు. అలా నిలబెట్టినప్పుడు దృశ్యం నిజానికి దగ్గరగా ఉంటుందన్నది నా అభిప్రాయం కూడా.

టోపీ మీద ఆ ఈకలేమిటి?

కోడిపుంజు తోక ఈకలు. నలుపులో ఆకుపచ్చ మెరిసే ఆ వంపు ఈకల గుత్తి వల్ల హంగేరీ ప్రజలు వీరికి "కాకష్‌తొల్లష్" అని, అంటే పుంజు ఈకలవాళ్లు అని, పేరు పెట్టారు. ఊరి చివర దారిమీద ముఖం ఆనకముందే ఈకలు ఆనేవి. వస్తున్నది ఎవరో జనానికి వాటితోనే తెలిసేది. గుండ్రని గిన్నెలా ఉండే గట్టి టోపీ, దానిమీద ఈ గుత్తి: బొమ్మను గుర్తించడానికి ఇంతకన్నా నమ్మదగిన ఆనవాలు లేదు.

ఇక్కడ తరచు రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, ఇటలీ బెర్సాల్యేరి సైనికులతో కలిపేయడం. వాళ్లూ ఈకలే పెడతారు కానీ అవి కేపర్‌కైలీ అనే అడవి పక్షివి, టోపీ అంచు వెడల్పు, గుత్తి కూడా బాగా పెద్దది. రెండోది, ఈకలు ఊడిపోయిన బొమ్మను మామూలు హంగేరీ పదాతి సైనికుడిగా అమ్మడం. నా దగ్గరున్న బొమ్మ అలా వచ్చినదే. వివరణలో "తూర్పు రంగపు సైనికుడు" అని మాత్రమే రాసి ఉంది. పెట్టె అడుగున అట్టముక్క కింద అణిగిపోయి, పిచ్చుక ఈకంత గుత్తి దొరికింది. అమ్మినవారికి అదేమిటో తెలియదు, అందుకే అది అగ్గువకు దొరికింది. నలిగిన ఈకలను మరుగుతున్న నీటి ఆవిరికి జానెడు ఎత్తున అర నిమిషం పట్టి, వేళ్లతో మొదలు నుంచి కొసకు దువ్వితే చాలావరకు మళ్లీ వంపు తిరుగుతాయి. ఆ బొమ్మ ఈకలు కూడా అలాగే లేచాయి, ఒక్కటి తప్ప.

తుపాకి సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఈ బొమ్మలలో తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. జర్మన్ సైనికుల బొమ్మలు లెక్కలేనన్ని తయారయ్యాయి కాబట్టి వాటి అచ్చుల్లో పోసిన జర్మన్ మౌజర్ కార్బైన్‌ను, అంటే పొట్టి రైఫిల్‌ను, హంగేరీ బొమ్మ చేతిలో పెట్టడం తయారీదారుకు సులువు. పరీక్ష కూడా సులువే. బొమ్మను పక్కకు తిప్పి, ట్రిగ్గర్‌కు ముందు భాగంలో కర్ర కిందివైపు చూడండి. హంగేరీ వాడిన మాన్‌లిఖర్ 95 రకం తుపాకిలోనూ, బుడాపెస్ట్‌లోని ఫెగ్ కర్మాగారం చేసిన 35ఎం (అంటే 1935 నమూనా) రైఫిల్‌లోనూ తూటాల పెట్టె కర్ర కిందికి పొడుచుకు వస్తుంది, తూటా ఎక్కించేందుకు లాగే బోల్టు పిడి వంపు లేకుండా అడ్డంగా ఉంటుంది. జర్మన్ కార్బైన్‌లో తూటాల పెట్టె కర్రలోనే ఇమిడిపోతుంది, పిడి కిందికి వంగి ఉంటుంది. ఈ రెండు గుర్తులు చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది.

అయితే తొందరపడి తయారీదారును తప్పు పట్టకూడదు. యుద్ధం చివరి దశలో జర్మన్ 7.92 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా హంగేరీ 43ఎం రైఫిల్‌ను తెచ్చుకుంది. అందులో తూటాల పెట్టె కర్రలోనే ఉంటుంది, పిడి వంగి ఉంటుంది. అంటే 1944, 1945 నాటి బొమ్మ చేతిలో జర్మన్ పోలికలున్న తుపాకి కనిపిస్తే అది 43ఎం కూడా కావచ్చు. అప్పుడు చూడవలసింది కర్ర. 43ఎం కర్ర తూటా గది దగ్గర తెగి రెండు ముక్కలుగా ఉంటుంది. జర్మన్ కార్బైన్ కర్ర ఒకే ముక్క. పాత 95 రకాన్ని హంగేరీ 1930ల నుంచి 8×56 మిల్లీమీటర్ల తూటాకు మార్చుకుని వాడింది, 35ఎం తూటా కూడా అదే. నడుము తోలుసంచిలో పిస్తోలు ఉంటే అది 37ఎం అయి ఉండటం సబబు. అది కూడా ఫెగ్ కర్మాగారం చేసినదే, రుడాల్ఫ్ ఫ్రోమర్ రూపొందించినది. పాల్ కిరాయ్ రూపొందించిన 39ఎం సబ్‌మెషిన్ గన్ హంగేరీ సైన్యానిది. పొడవైన చెక్క కర్రలోకి తూటాల పెట్టె ముందుకు మడిచి ఇమిడిపోయే ఆ ఆయుధాన్ని బుల్లి రూపంలో కూడా మడిచేలా చేసిన తయారీదారు పనివాడని ఒప్పుకోవాలి.

1944లో వీరు ఏం చేశారు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఈ బొమ్మను అలమారలో పెట్టకూడదని నేను అనుకుంటాను, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

1944 మార్చి 19న జర్మనీ తన మిత్రదేశమైన హంగేరీని ఆక్రమించింది. రాజప్రతినిధి హోర్తీ పదవిలోనే ఉన్నాడు, స్తోయాయ్ ప్రధానిగా కొత్త ప్రభుత్వం వచ్చింది. హోం శాఖలో లాస్లో ఎంద్రె, లాస్లో బాకి అనే ఇద్దరు కార్యదర్శులు యూదుల ఏరివేతను చేపట్టారు. బాకి స్వయంగా మాజీ జెండార్మ్ అధికారి. జర్మన్ల తరఫున అడాల్ఫ్ ఐక్‌మన్ తన బృందంతో వచ్చాడు కానీ ఆ బృందం చాలా చిన్నది. ఇల్లిల్లూ తిరిగి మనుషులను బయటికి రప్పించడానికి, ఊరూరా పోగుచేయడానికి, రైలు పెట్టెల్లోకి ఎక్కించడానికి కావలసిన వేలాది చేతులు జర్మన్లవి కావు, హంగేరీ పోలీసులవి, ముఖ్యంగా జెండార్మ్‌లవి. ఇరుపక్షాల మధ్య సమన్వయాన్ని లెఫ్టినెంట్ కర్నల్ లాస్లో ఫెరెన్సి అనే జెండార్మ్ అధికారి చూశాడు.

పని విభజన కూడా జెండార్మరీ పటం మీదే జరిగింది. అప్పటికి దేశం పది జెండార్మ్ జిల్లాలుగా ఉండేది: బుడాపెస్ట్, సేకెష్‌ఫెహెర్వార్, సోంబట్‌హెయ్, పేచ్, సెగెద్, దెబ్రెత్సెన్, మిష్కోల్త్స్, కష్షా, కొలోజ్వార్, మరోష్‌వాషార్‌హెయ్. ఈ జిల్లాలనే మండలాలుగా కూర్చి, సోవియట్ సైన్యం దగ్గరపడుతున్న ఈశాన్యం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే ఖాళీ చేసుకుంటూ వచ్చారు. ముందు ఊళ్ల నుంచి ఇటుక బట్టీలకు, కలప అడితీలకు, గెట్టోలకు, అంటే యూదులను నిర్బంధించిన పేటలకు. అక్కడి నుంచి రైళ్లకు. దాచిన నగా నట్రా ఎక్కడుందో చెప్పించడానికి కొట్టి హింసించిన గదులకు "పేన్జ్‌వెర్దె" అని పేరుండేది, టంకశాల అని ఆ మాటకు అర్థం. సరుకు పెట్టె ఒక్కొక్కదానిలో సుమారు 70 మందిని కుక్కి, చాలా రైళ్లను కష్షా స్టేషన్ దాకా జెండార్మ్‌లే కాపలా కాసి తీసుకెళ్లి, అక్కడ జర్మన్లకు అప్పగించేవారు. కష్షా అంటే నేటి స్లొవాకియాలోని కొషిత్సె.

మే 15 నుంచి జూలై 9 వరకు, అంటే ఎనిమిది వారాల్లో, 4,37,402 మందిని తరలించినట్టు హంగేరీలోని జర్మన్ ప్రతినిధి వేజెన్‌మాయర్ బెర్లిన్‌కు నివేదించాడు. వారిలో అత్యధికులు వెళ్లింది జర్మన్ ఆక్రమణలోని పోలండ్‌లో ఉన్న అవుష్విట్స్ మృత్యుశిబిరానికి. అక్కడ చేరినవారిలో ఎక్కువమందిని దిగిన రోజే చంపేశారు. తర్వాతికాలంలో నోబెల్ శాంతి బహుమతి పొందిన ఎలీ వీజెల్ అప్పటికి పదిహేనేళ్ల పిల్లవాడు. 1940లో రుమేనియా నుంచి హంగేరీకి వచ్చిన ఉత్తర ట్రాన్సిల్వేనియాలోని సిగెత్ అతని ఊరు. ఆ ఊరి వీధుల్లో యూదులను ఇళ్లనుంచి బయటికి తోలినది కూడా ఈ ఈకల టోపీల వాళ్లే. జూలై మొదటి వారంలో హోర్తీ తరలింపులను ఆపించాడు. అప్పటికి రాజధాని తప్ప మిగతా దేశం దాదాపు ఖాళీ అయింది.

అంతకుముందు వీరి పేరు మచ్చలేనిదా?

కాదు. 1942 జనవరిలో, హంగేరీ ఆక్రమణలో ఉన్న నోవీసాద్‌లోనూ (నేటి సెర్బియాలోని నగరం) చుట్టుపక్కల ఊళ్లలోనూ, పార్టిజన్ల, అంటే ఆక్రమణపై పోరాడే గెరిల్లాల, వేట పేరుతో సైన్యమూ జెండార్మ్‌లూ కలిసి మూడు వేల మందికి పైగా సెర్బులను, యూదులను చంపారు. ఎముకలు కొరికే చలిలో, డాన్యూబ్ ఒడ్డున కూడా కాల్చారు. యుద్ధం ఇంకా సాగుతుండగానే హంగేరీ తన సొంత అధికారులపై దీని విషయంలో విచారణ జరిపింది, అది ఆ కాలానికి అరుదైన సంగతి. ప్రధాన నిందితులు మాత్రం జర్మనీకి పారిపోయారు. వారిలో జెండార్మ్ కెప్టెన్ మార్టన్ జోల్ది ఒకడు.

ఇతను బాణాల శిలువ పార్టీవాడా?

కాదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. బాణాల శిలువ అనేది ఫెరెంత్స్ సాలాషి నాయకత్వంలోని ఫాసిస్టు పార్టీ. అది అధికారంలోకి వచ్చింది 1944 అక్టోబరు నడుమ, అంటే పల్లెల్లో తరలింపులు ముగిసిన మూడు నెలలకు. ఆకుపచ్చ చొక్కా, చేతికి బాణాల శిలువ పట్టీ ఉంటే ఆ బొమ్మ పార్టీ మనిషిది. బుడాపెస్ట్‌లో డాన్యూబ్ గట్టు మీద 2005లో పెట్టిన ఇనుప చెప్పుల స్మారకం ఆ పార్టీవాళ్లు నదిలోకి కాల్చిపడేసిన వారి జ్ఞాపకార్థం. జెండార్మ్ పార్టీ మనిషి కాడు, జీతం తీసుకున్న ప్రభుత్వోద్యోగి. దానివల్ల అతని బాధ్యత తగ్గదు. ఆదేశం వస్తే మామూలు ఉద్యోగి ఎంత దూరం వెళ్లాడో చూపే బొమ్మ కాబట్టి నాకు ఇతను ఆ పార్టీవాడికన్నా ఎక్కువ కలవరం కలిగిస్తాడు.

యుద్ధం తర్వాత ఈ దళం ఏమైంది?

1945లో తాత్కాలిక జాతీయ ప్రభుత్వం జెండార్మరీని రద్దు చేసింది. ఎంద్రె, బాకి, ఫెరెన్సి ముగ్గురికీ 1946లో మరణశిక్ష అమలైంది. కొందరు విదేశాలకు వెళ్లిపోయారు. నోవీసాద్ వ్యవహారంలో ఆరోపణలున్న మాజీ జెండార్మ్ అధికారి షాందోర్ కేపీరో అర్జెంటీనాలో దశాబ్దాలు గడిపి, 1996లో బుడాపెస్ట్‌కు తిరిగొచ్చాడు. 2011 జూలైలో అక్కడి కోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది, అదే ఏడాది సెప్టెంబరులో 97వ ఏట చనిపోయాడు.

ఈ బొమ్మ పెట్టుకోవడం చట్టవిరుద్ధమా?

మన దేశంలో కాదు. హంగేరీలో 2012 నాటి శిక్షాస్మృతి 335వ సెక్షను స్వస్తిక్, నాజీల ఎస్‌ఎస్ దళపు చిహ్నం, బాణాల శిలువ, సుత్తీ కొడవలి, ఐదు కోణాల ఎర్ర నక్షత్రం అనే అయిదు గుర్తులను ప్రజాశాంతికి భంగం కలిగేలా బహిరంగంగా ప్రదర్శించడాన్ని శిక్షార్హం చేసింది. కోడి ఈకలు ఆ జాబితాలో లేవు. ఈ బొమ్మతోపాటు వచ్చే అదనపు సామగ్రిలో జర్మన్ చిహ్నాలు ఏవైనా ఉంటే, బొమ్మను వెంటబెట్టుకుని జర్మనీకి వెళ్లేవారు మాత్రం అక్కడి చట్టం ఇంకా కఠినమని గుర్తుంచుకోవాలి.

ఏ కొలతలో కొనడం మంచిది?

బట్టల కుట్టు, తోలు పట్టీలు, ఈకలు చూడాలనుకుంటే అసలు మనిషిలో ఆరో వంతు కొలత, అంటే సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు. 1964లో అమెరికా బొమ్మల సంస్థ హాస్‌బ్రో తెచ్చిన జీఐ జో అనే సైనికుడి బొమ్మ ఈ కొలతకు దారి వేసింది. 1999 నుంచి హాంకాంగ్‌కు చెందిన డ్రాగన్ వంటి సంస్థలు దానిని పెద్దల సేకరణ వస్తువుగా మార్చాయి. బుడాపెస్ట్ ముట్టడి వంటి దృశ్యం కట్టాలనుకుంటే ముప్పై ఐదో వంతు తీసుకోండి. మనిషి అయిదు సెంటీమీటర్లే ఉంటాడు, ఈకల గుత్తి ప్లాస్టిక్ ముద్దగానే ఉంటుంది, రంగు మీరే వేసుకోవాలి.

విదేశం నుంచి తెప్పిస్తే సుంకం ఎంత పడుతుంది?

బొమ్మల మీద మూల కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దానిపై ఇతర పన్నులు అదనం. పార్సెల్‌ను ఏ శీర్షిక కింద లెక్కగడతారన్నదాన్ని బట్టి మొత్తం మారుతుంది కాబట్టి బొమ్మ ధరకు దాదాపు సమానమైన సొమ్ము వేరే పెట్టుకుని దిగడం మేలు. 2021 జనవరి నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. సేకరణ బొమ్మల పెట్టెల మీద వయోపరిమితి సాధారణంగా అచ్చువేసి ఉంటుంది, ఆ వైపు ఫోటో అమ్మకందారును అడిగి ముందే తెప్పించుకోండి. సుంకం తప్పించుకోవడానికి "బహుమతి" అని రాయించే ఉపాయం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు.

మన వాతావరణంలో ఎలా కాపాడుకోవాలి?

తోలులా కనిపించే బెల్టులు, తూటాల సంచులు చాలావరకు పాలీయురెథేన్ పూత వేసిన గుడ్డ. గాలిలోని తేమకు ఆ పూత విడిపోయి పొట్టులా రాలుతుంది. విశాఖ, కాకినాడల్లో ఉండేవారికి ఇది హైదరాబాదు వారికన్నా ముందే అనుభవంలోకి వస్తుంది. నా బొమ్మ నడుము బెల్టు రెండో వానాకాలానికే పగిలింది. దాని బదులు పాత చేతిసంచి లోపలి పల్చని తోలును నాలుగు మిల్లీమీటర్ల పట్టీగా కోసి కట్టాను, బకిల్ మాత్రం పాతదే. గాజు తలుపుల అలమారలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నెలకోసారి మార్చండి. బొమ్మను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టవద్దు. ఎండ నేరుగా తగిలితే ఖాకీ గుడ్డ వెలిసిపోతుంది.

ఈకలకు పురుగు పట్టే ప్రమాదం ఉంది. అలవాటు కొద్దీ కలరా ఉండలు వేస్తారేమో, వేయకండి. ఆ ఆవిరికి పాలీస్టైరీన్ ప్లాస్టిక్ మెత్తబడి జిగురు పడుతుంది. మెత్తని కుంచెతో దులుపుతూ, మొదళ్ల దగ్గర సన్నని పొడి కనిపిస్తోందేమో చూసుకుంటే చాలు. తుపాకి పట్టించేముందు రబ్బరు చేతిని జుట్టు ఆరబెట్టే యంత్రంతో కాస్త వెచ్చబరిస్తే వేళ్లు చిరగవు.

బొమ్మల కొలువులో పెట్టవచ్చా?

ఒక అమ్మాయి నన్ను నిజంగానే అడిగింది, వాళ్ల కొలువులో క్రికెట్ జట్టు, రైలు బండి అన్నీ ఉన్నాయట. పెట్టకపోవడమే మంచిదన్నాను. కొలువు చూడవచ్చిన పేరంటాళ్లకు పసుపు కుంకుమలిస్తూ, ఈ ఈకల టోపీ ఎవరిదంటే ఏమని చెబుతాం? రైలు బండి పక్కన అసలే వద్దు.

బొమ్మ ముందు చీటీ మీద ఏం రాయాలి?

"వీరుడు", "యోధుడు" వంటి మాటలు రాయకండి, "నాజీ" అని కూడా రాయకండి. మొదటివి అబద్ధం, రెండోది హంగేరీ బాధ్యతను జర్మనీకి బదిలీ చేస్తుంది. నా చీటీ మీద ఉన్నది ఇది: "హంగేరీ రాజ్య జెండార్మ్, పల్లె గస్తీ దుస్తులు, 35ఎం రైఫిల్. దళం ఏర్పడినది 1881, రద్దయినది 1945. 1944 మే–జూలై నెలల్లో 4,37,402 మంది యూదుల తరలింపులో పాల్గొన్నది. బెల్టు అసలుది కాదు."